ముగ్గు వేసిన గోల్ఫు మైదానం

టీ తాగకముందే ‘బాగుంది’ అనేవాళ్లంటే నాకు పడదు. హనుమకొండలో మా క్లబ్బు నిండా అలాంటివాళ్లే. కప్పు చేతికి రాగానే మెచ్చుకునేవారు, ఒక గుక్క తాగాక మొహం పక్కకు తిప్పుకునేవారు. నేను అక్కడ గుమాస్తాను. బి.ఏ. ప్యాసై మంచి ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నాను. దానికి నా కోసం తొందరేమీ ఉన్నట్టు లేదు.

టీ అయ్యాక సభ్యుల మాటలన్నీ గోల్ఫు మైదానాల మీదే. ‘ఊటీకి లేనిపోని పేరు, అక్కడ గడ్డి ఆడుతుంది గాని మనిషి కాదు’ అని ఒకరు. ‘సికింద్రాబాదు మైదానానికి వచ్చిన పేరంతా అక్కడి కోడికూరది’ అని ఇంకొకరు. నేను చూసిన మైదానం మాదొక్కటే. అయినా నాకూ అన్నింటి మీదా అభిప్రాయాలుండేవి. చూడలేదు కాబట్టి అవి చాలా గట్టిగా ఉండేవి.

మాది తొమ్మిది గుంతల మైదానం. గడ్డి మొలిచేది కాదు, బండలు మాత్రం బాగా పండేవి. యుద్ధం రోజులు కావడంతో కొత్త బంతులు దొరక్క పాతవాటికే తెల్లరంగు పూసి ఆడేవారు. ఒక్కో గుంత చుట్టూ పచ్చికకు బదులు, ఇసుకలో పాత ఇంజను నూనె కలిపి పరిచిన నల్లటి చదును ఉండేది. వాటిని చూసుకునేది ఒక ముసలాయన. బంతి సాఫీగా దొర్లాలని రోజూ గోనెపట్టా లాగి, తన అడుగులు కూడా పడకుండా వెనక్కి నడుచుకుంటూ వచ్చేవాడు. మైదానం అంచున రేకుల గుడిసెలో ఆయనా, భార్యా ఉండేవారు. రావాల్సిన పేరు రాని మైదానం అంటూ ఒకటుంటే అదేనని నాకు లోపల తెలుసు. ఎవరితోనూ అనలేదు. అంటే ఎవరికీ నవ్వు రాదు కదా.

ఆ ఏడు పటాలం వాళ్లు లారీలు నిలుపుకోవడానికి ఆ జాగా అడిగారు. తేల్చడానికి హైదరాబాదు నుంచి ఒక పెద్ద ఇంజనీరు వచ్చి ఆడి చూస్తాడన్నారు. ఆయన బాగుందంటే మైదానం ఉంటుంది. లేదంటే ముసలాయన కొలువూ, గుడిసే రెండూ పోతాయి.

ముందురోజు ముసలాయన నా బల్ల దగ్గరికి వచ్చాడు.

“రోజు లెక్క పట్టా గుంజితె సాలునా సారూ? పెద్దదొర వస్తాండట.”

“రోజు లెక్కనా తాతా? పెండ్లివారి వాకిలి లెక్క ఉండాలె.”

“పెండతోని అలకమంటవా?” ఆయనకు అనుమానం వచ్చింది. “బాల్ పోతదా మరి?”

“విలాయతుల అట్లనే అలుకుతరు.”

“విలాయతుల పెండ యాడిది?”

“ఏం, ఆడ ఆవులు లేవా?”

“ఉంటయి తియ్యి. నేను చూసొచ్చిన్నా” అని వెళ్లిపోయాడు.

ఈ మాట సాయంత్రం క్లబ్బులో చెప్పాను. మరునాడు సభ్యులంతా, ఎన్నడూ లేనిది, చెప్పిన వేళకు వచ్చారు.

తొమ్మిది చదునులూ అలికి ఉన్నాయి. ముసలామె ఒక్కో గుంత చుట్టూ ఎనిమిది రేకుల తామర ముగ్గు వేసింది. గుంత సరిగ్గా పువ్వు నడుమకు వచ్చింది. ఒక్క గీతా వంకర పోలేదు. ఇంజనీరు కొట్టిన బంతి మొదటి తామర అంచున తప్పున పడి, ఇక కదల్లేదు. అలుకు ఇంకా పచ్చిగానే ఉంది. ముసలాయన చేతులు కట్టుకుని మెప్పు కోసం నిలబడ్డాడు.

“ఏమిటిది?” అని ఇంజనీరు నన్ను అడిగాడు.

“ఇక్కడి మర్యాదండి” అన్నాను.

వెనక సభ్యులు చేతిరుమాళ్లు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంజనీరు మాత్రం నవ్వలేదు. ముసలాయన చేతనే బూట్లు తుడిపించుకుని, రెండో గుంత దాకా కూడా పోకుండా వెనక్కి తిరిగాడు. అభిప్రాయాల పుస్తకంలో ఏదో ఒకటి రాయమని నాకే వదిలేశాడు. నా ఇంగ్లీషుకు అంతకన్నా మంచి రోజు రాదనిపించింది. ‘ఈ మైదానానికి పేరేమీ లేదు. అదీ ఎక్కువే’ అని రాశాను. అది చదివాక ఆయన మొదటిసారి నవ్వి సంతకం పెట్టాడు. ఆ వాక్యం క్లబ్బులో నెల రోజులు తిరిగింది. నాకూ సభ్యుల టీ ఇవ్వసాగారు. తాగకముందే బాగుందన్నాను.

వారం లోపలే లారీలు వచ్చాయి. గుడిసె ఖాళీ చేస్తున్నారని విని అటు వెళ్లాను. ఎందుకు వెళ్లానో ఇప్పటికీ చెప్పలేను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర బావమరిది ఊరికి పోతున్నారట. ముసలాయన గోనెపట్టాను మడిచి గంపలో పెడుతున్నాడు. అక్కడ దానితో పనేమిటో నాకు తెలియదు. నన్ను చూసి లేచి దండం పెట్టాడు.

“తప్పు నాదే సారూ. మంచిగ ఆరనియ్యలే. ఇంకో పూట ఎండ తాకితె దొరకు నచ్చేదే.”

“అవును తాతా, ఎండ సరిపోలేదు” అన్నాను.

గంప నెత్తికెత్తుకోబోతున్న ముసలామె ఆగి నన్ను చూసింది.

“చదువుకున్నోనివి బిడ్డా. పెండ వద్దని ఒక్క మాటంటె నీదేం పోయేది?”