చుక్కల కంకి

ధర్మసాగర్ దారిలో ఉన్న మక్క విత్తనాల క్షేత్రంలో మొగిలమ్మది సంచులు తొడిగే పని. కంకికి పీచు రాకముందే కాగితం సంచి తొడగాలి. తర్వాత కావలసిన పుప్పొడినే చేత్తో చల్లుతారు. ఒక్క రోజు ఆలస్యమైనా పక్క సాళ్ల పుప్పొడి గాలికొచ్చి పడుతుంది. విత్తనం కలగలిసి బెరకవుతుంది. ఆమెకు చూపు తగ్గింది. కంకి కొసను వేలితో తడిమి చెబుతుంది, పీచు రేపొస్తుందా ఎల్లుండా అని.

అంతకుముందు ఎనుమాముల యార్డులో మిర్చి తొడిమలు తీసేది. ఆ చేతులతో అన్నం కలుపుకోవాలంటే భయం. ఇక్కడికొచ్చి పదిహేడేళ్లు. రోజూ నెక్కొండలో రైలెక్కి, కాజీపేటలో దిగి, ఆటో కోసం నిలబడుతుంది.

ఆ యాసంగి కోతల్లో, ఆమె సంచి తొడిగిన ఒక కంకి వలిస్తే తెల్ల గింజల మధ్య కొన్నిటి మీద ఊదా చుక్కలు కనిపించాయి. సూపర్‌వైజర్ శ్యాంసుందర్ కంకిని కూలీలందరి ముందు పైకెత్తాడు.

"ఏం మొగిలమ్మా, పీచు వచ్చినంక తొడిగినవా సంచి?"

"లేదు సారు. ముందటి దినమే తొడిగిన."

"మరి ఇవెక్కడియి?"

పక్క సాలు సమ్మమ్మ అందుకుంది. "మా వదినె పేరంటం చేసి బొట్లు పెట్టింది సారు."

అందరూ నవ్వారు. మొగిలమ్మ నవ్వలేదు.

"వానకాలం నుంచి కలుపుకు పో. సంచులు కండ్లున్నోళ్లు చూస్తరు" అన్నాడు శ్యాంసుందర్.

కలుపంటే దినమంతా వంగి ఉండాలి. ఆమె మోకాళ్లు అందుకు పనికిరావు. పని మానుకోవాల్సిందే.

ఆ ఏడే చేరిన శాస్త్రవేత్త సుభాషిణి గింజను భూతద్దం కింద పెట్టింది.

"పక్కనున్న ఊదా మక్క పుప్పొడి పడితే గింజంతా ఊదా అయితది సార్, చుక్కలు రావు. రంగునిచ్చే జన్యువు నడుమ వేరే డీఎన్‌ఏ ముక్క ఒకటి అడ్డంగ కూసున్నది. గింజ పెరిగేటప్పుడు అది అక్కడక్కడ లేచి వేరే చోటికి దుంకింది. లేచిన చోట రంగు తేలింది. తొందరగ లేస్తే పెద్ద చుక్క, ఆలస్యమైతే చిన్నది."

శ్యాంసుందర్ నమ్మలేదు. ఆ కంకి పుట్టిన పాత విత్తనం ఇంకా మిగిలి ఉంది. సుభాషిణి పట్టుబట్టడంతో వానాకాలంలో దాన్నే మళ్లీ వేశారు, సంచులు మొగిలమ్మకే ఇచ్చారు. మొగిలమ్మ తొడిగిన ప్రతి సంచినీ అతను పక్కన నిలబడి చూశాడు. కోత కోశాక నలభై కంకుల్లో రెండింటికి చుక్కలున్నాయి.

"సరే, సంచుల పనే చేసుకో" అన్నాడు.

మళ్లీ యాసంగి. చుక్కల గింజలకు విడిగా ఒక సాలు ఇచ్చారు. అన్నాల వేళ సుభాషిణి గట్టు మీద ఆమె పక్కన కూర్చుంది.

"మక్క డీఎన్‌ఏల ముప్పాతికకు పైన అసుంటి దుంకే ముక్కలే, పెద్దమ్మా. మనిషిల గూడ సగం దాక ఉంటయి."

"నాల గూడనా?"

"నీల, నాల, సార్‌ల. శానామట్టుకు కదలయి."

"అలిసిపోయినయేమో. అటిటు తిరిగి ఏం చేసినయి బిడ్డా?"

"ఎక్కువ చెడగొట్టినయి. ఎన్నో ఏండ్లకు ఒకటి పనికొచ్చి నిలబడ్డది. మక్క మారుకుంట వచ్చిందంటే వాటి పని గూడ ఉన్నది."

మొగిలమ్మ టిఫిన్ డబ్బా మూత పెట్టింది. "గా ఒక్కదాని కోసం గంత తిరుగుడా" అంది.

మోకాళ్ల మీద చేతులానించి లేచింది. చుక్కల సాలులో మొదటి కంకి కొస తడిమింది.

"రేపు" అంది.

సాలు కొసన నిలబడ్డ శ్యాంసుందర్ ఏమీ అడగకుండా తేదీ రాసుకున్నాడు.