ఎద్దులమ్మి తెచ్చిన మిలిటరీ బండి

మా చిన్నప్పుడు... మా నాయన ఎద్దుల జతను సంతకు తోలుకుపోయి, పలుపులు భుజాన వేసుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. మా వైపు ఎద్దును అమ్మినా పలుపు ఇవ్వరు, ఇంటికి తెచ్చుకుంటారు. ఆ ఒట్టి పలుపులు చూసి మా అమ్మ గడపలోనే కూలబడింది.

ముదిగుబ్బ పక్కన మా పల్లె. అప్పటికి మూడేళ్లుగా సరైన వాన లేదు. గడ్డివాము అడుగంటింది. ఎద్దుల డొక్కలు లోపలికి పోయాయి... కళ్లముందే చస్తాయేమోనన్న భయంతో అమ్మేశాడు. ఆ డబ్బుతో పాత బండి కొని, బస్సు రాని పల్లెల నుంచి మనుషుల్ని, మూటల్ని ముదిగుబ్బకు తోలాలని ఆయన ఆశ. దారి పొడవునా వాగులు, ఇసుక వంకలే. మామూలు కారు దిగిందంటే అంతే సంగతులు. నాలుగు చక్రాలూ లాగే మిలిటరీ బండే కావాలి.

"రేప్పొద్దున వాన పడితే దేంతో ఇత్తనమేస్తావు?" అంది అమ్మ.

"యాడుండాది వాన? పడినప్పుడు చూద్దాంలే."

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే... నిన్న మా అమ్మాయి పాత జీపు కొనుక్కుంది! పశువుల డాక్టరు. గొర్రెల పల్లెలన్నీ తిరగాలి కదా. "నాన్నా, నువ్వే చూసి చెప్పు" అని పాత బండ్లు అమ్మే షెడ్డుకు నన్ను వెంటబెట్టుకు పోయింది. నా సంతోషం ఏమని చెప్పేది! రాత్రంతా నిద్ర పట్టలేదంటే నమ్మండి. కానీ ఆ షెడ్డులో నిలబడ్డంతసేపూ మా నాయనే కళ్లముందు మెదిలాడు...

అప్పట్లో బండి కొనడానికి పోతూ నాయన నన్నూ అనంతపురం తీసుకుపోయాడు. ఊరి చివర మస్తాన్ సాబు రేకుల షెడ్డు. పెద్ద యుద్ధం, అదే రెండో ప్రపంచ యుద్ధం, అయిపోయాక మిలిటరీవాళ్లు వేలం వేసిన బండ్లను తెచ్చి, బాగుచేసి అమ్మేవాడు. స్టీరింగు ఎడమ పక్కన! నాకు అదే పెద్ద వింత.

మా డబ్బుకు అందే ధరలో రెండు బండ్లే ఉన్నాయి. ఒకటి చిన్న జీపు. ఇంకొకటి దానికంటే బాగా పెద్దది, సామాన్లు మోసే మిలిటరీ బండి. పెట్రోలు విపరీతంగా తాగుతుందని ఎవరూ కొనక అదీ చిన్నదాని ధరకే ఉంది.

నాయన వాటిని ఎద్దుల్ని చూసినట్టే చూశాడు. చుట్టూ తిరిగాడు. బానెట్టు మీద చరిచాడు. మా సంతల్లో ఎద్దును కొనేముందు బండి చక్రాలు తిరగకుండా మోకుతో కట్టి, లాగించి చూస్తారు. ఈయన ఆ పరీక్షే పెట్టమన్నాడు! షెడ్డంతా ఒకటే నవ్వులు.

"ఏమన్నా, వయసెంతో తెలిసేకి పండ్లు గూడా చూస్తావా?" అన్నాడు మస్తాన్ సాబు.

"చూపిస్తే చూస్తా. నీవి గాదులేప్పా, బండివి."

చివరికి రాళ్లు నింపిన ఎద్దులబండిని చక్రాలు కట్టేసి తగిలించారు. చిన్న జీపు రొప్పి ఆగిపోయింది. పెద్దది బరబరా ఈడ్చుకుపోయింది. నాయన మొహం చూడాలి అప్పుడు!

"అన్నా, నా మాట ఇను. అది శానా తాగుతాది. నీ వంకలకు చిన్నదే మేలు. తేలిక బండి, దిగబడదు."

"మా పెద్దెద్దు గూడా శానా తినేది సాబూ. సేద్యమంతా అదే లాగింది. వాన పడితే దీనికే ఇత్తనాల గొర్రు కట్టుకుంటా."

"ఇది ఎద్దు గాదన్నా!"

నాయన అప్పటికే తువ్వాల కింద చెయ్యి చాచాడు... సంతలో మాదిరి వేళ్లు పట్టి బేరం చెయ్యడానికి. మస్తాన్ సాబు తల అడ్డంగా ఊపుతూనే తన చెయ్యీ దూర్చాడు.

బండి తోలడం మస్తాన్ సాబు దగ్గరే నేర్చుకున్నాడు నాయన. ఊళ్లోకి వచ్చిన రోజు ఎంత సంబరమో! కానీ కరువులో బాడుగ ఇచ్చి ఎక్కేవాళ్లేరీ... పెట్రోలు పోయలేక బండి వేపచెట్టు కింద నిలబడిపోయింది.

ఆ ఏడే వాన పడింది.

ఊరంతా పండగ. పెద్దవాళ్లు కూడా తడుస్తూ వీధుల్లో తిరిగారు. మా ఎర్రనేలలో పదును ఎక్కువ రోజులు నిలవదు, తేమ ఆరేలోపే వేరుశనగ విత్తాలి. అందరూ ఎద్దులతో చేలకు పరుగెత్తారు. నాయన బండి వెనక గొర్రు కట్టాడు. గొర్రు చేసిన సాళ్లలో గింజలు వదలడానికి అమ్మ ఒడి నింపుకుని నిలబడింది.

ఎంత నెమ్మదిగా తోలినా అమ్మ నడకకు అందలేదు. గింజలు ఒకచోట కుప్ప, ఒకచోట ఖాళీ. "నిలుపయ్యా! నిలుపు!" అని అరుస్తూ వెంట పడింది. సాలు మళ్లించబోతే ఆ బరువుకు తడినేల కుంగింది. నాలుగు చక్రాలూ గట్టిగానే లాగాయి... నాలుగూ మట్టిలోకే దిగాయి.

పక్క చేనులోని ఎర్రిస్వామి మామ తన ఎద్దుల్ని తెచ్చి బండిని గట్టెక్కించాడు.

"బావా, నీ ఎద్దులు ఒక పూట ఇయ్యి" అన్నాడు నాయన.

"ఇస్తా బావా. నా చేను ఇత్తేది అయిపోనీ. నువ్వు అమ్మేటప్పుడే చెప్తిని గదా..." అంటూ మధ్యలోనే ఆపేశాడు మామ.

మామ చేను అయ్యింది. ఎద్దులొచ్చాయి. అప్పటికే పదును ఆరిపోయింది. అయినా పొడిమట్టిలోనే అమ్మ గింజలు వదిలింది... ఆపమని నాయన అనలేదు, ఆపుతానని అమ్మా అనలేదు.

చుట్టూ చేలన్నీ పచ్చగా లేచాయి. మాది ఎర్రగానే ఉండిపోయింది. ఊరంతా పంట పండిన ఏడు మేము సద్దగింజలు అడిగి తెచ్చుకుని తిన్నాం.

ఆ తర్వాత వానొచ్చిన ప్రతిసారీ నాయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. మా సీమలో వానొస్తే బయటికి రాని మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను...

ఇప్పుడు మా పల్లెలో గొర్రు లాగే ఎద్దులు లేవు. బాడుగ ట్రాక్టరు వస్తుంది, పూటలో విత్తి పోతుంది. ఎవరి ఎద్దుల కోసమూ ఎవరూ గట్టు మీద కాచుకోరు. మంచిదే. అయినా మబ్బు కమ్మిందంటే నేను ఈ వయసులోనూ వాకిట్లోకి వచ్చి నిలబడతాను... మా నాయన చూడకుండా వదిలేసిన వానలు ఎన్నో కదా.

మీ ఇంట్లో ఆఖరి ఎద్దుల జత వెళ్లిపోయిన రోజు ఎవరికైనా గుర్తుందా? వాటిని ఏమని పిలిచేవారో కూడా రాయండి... ఒక్కొక్కటీ చదువుకుంటాను.