ఇప్పచెట్టు కిందికి ఒక కుట్టుమిషన్

ఖమ్మం బస్టాండులో చేతిమిషన్ని బస్సెక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటికి పొద్దున ఆరు దాటింది. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగినట్టుంది, ప్లాట్‌ఫారం మీద అందరూ తుమ్ముతున్నారు. మార్చిలో మా ఊళ్లో ఇది మామూలే. కండక్టరమ్మ నన్నూ, నా మిషన్నీ, గుడ్డల మూటనీ ఎగాదిగా చూసి, "ఆడోళ్లకు టికెట్ లేదు గాని, గీ మిషన్ ఆడదేనా?" అంది. నోరు మూసుకుని సామాను టికెట్టు తీసుకున్నాను. మీలో ఎవరైనా ఇలాంటి బరువుతో భద్రాచలం బస్సెక్కితే వెనక చక్రం మీది సీటు జోలికి మాత్రం పోకండి. ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో కొత్తగూడెం రాకముందే తెలిసిపోతుంది.

ప్రయాణం ఎందుకో చెప్పాలి. భద్రాచలం దాటాక పర్ణశాల దారిలో, అడవి అంచున ఒక గూడెం ఉంది. అక్కడి ఆడవాళ్ల సంఘానికి రాజేశ్వరి పెద్ద. ఇప్పపువ్వు రాలే కాలానికి ముందు ఆ గూడెంవాళ్లు చెట్ల కింద ఎండుటాకుకు నిప్పు పెడతారు. ఆకు కాలిపోతే రాలిన పువ్వు ఏరుకోవడం సులువు. తాతలనాటి పద్ధతి. పోయినేడు ఆ నిప్పు గాలికి గుట్ట మీదికి పాకి, ఎంతకీ ఆరలేదట. ఈసారి మళ్లీ మంట లేస్తే అటువైపు అడవిలోకి ఎవరినీ రానివ్వమని ఫారెస్ట్ ఆఫీసులో గట్టిగా చెప్పేశారు. ఇప్పపువ్వు లేకపోతే ఆ ఇళ్లకు వేసవి గడవదు. అందుకని నిప్పు మానేసి, పాత చీరలు జోడించి కుట్టి చెట్ల కింద పరుద్దామని రాజేశ్వరి ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించింది. చీరలైతే పరిచారు గానీ, పువ్వుతో ఎత్తేటప్పుడు కుట్లు పటపటా తెగిపోతున్నాయి.

"రజియక్కా, నువ్వొచ్చి జర చూడాలె. ఎల్లుండి పొద్దుగాల ఆఫీసరమ్మ చూడనీకొస్తంది" అని ఫోన్ చేసింది.

ఆ పని నాకే చెప్పడానికి కారణం మా నాన్న, మా అబ్బా. ఆయన టైలరు. నా చిన్నప్పుడు ఇదే చేతిమిషన్ని భుజానేసుకుని వారంవారం అడవి అంచు సంతలకు పోయేవాడు. బడికి సెలవులైతే నన్నూ వెంటేసుకునేవాడు. గోనెపట్టా పరిచి కూచుని, జాకెట్లు అక్కడికక్కడే కుట్టిచ్చేవాడు. నేను దారం అందించేదాన్ని, అంటే ఎక్కువసేపు దారం చిక్కులు పెట్టేదాన్ని. రాజేశ్వరి వాళ్లమ్మ ముత్తమ్మ ప్రతి సంతకూ వచ్చేది. వేయించిన ఇప్పపువ్వు ఆకుదొప్పలో తెచ్చి నా చేతిలో పెట్టి, "తిను బిడ్డా, టైలరు బిడ్డవు గాని సూది లెక్కనే ఉన్నవ్" అనేది. ఆ పువ్వు తీపి, దానికి అంటిన పొగ వాసన ఇప్పటికీ నాలుక మీదే ఉన్నాయి. అబ్బా పోయాక నేను ఆ సంతకు మళ్లీ వెళ్లలేదు. రాజేశ్వరి ఫోన్ పెట్టేశాక వంటింట్లో నిలబడి కాసేపు ఏడ్చాను. పొయ్యి మీద పాలు పొంగిపోయాయి కూడా.

కొత్తగూడెం దాకా పక్కసీటులో ఒక అశ్వారావుపేట రైతు కూచున్నాడు. యార్డులో మిర్చి అమ్మి వస్తున్నాడు. ఇంటి దగ్గర పామాయిల్ తోట ఉందట. మిషన్ కథ విని తల ఊపాడు. "నేను గూడ మట్టలు కాల్చేటోణ్ణే అక్కా. ఇప్పుడు కోసిన మట్ట కోసినట్టే చెట్ల నడుమ పరుస్తున్న. తడి ఆగుతంది, బోరు జర తక్కువ ఏస్తున్న" అన్నాడు. ఎవరు చెప్పారని అడిగితే నవ్వాడు. "ఎవరు జెప్తరు? బద్ధకమయి ఒక ఏడు కాల్చలే. తోట మంచిగయింది."

కొత్తగూడెంలో బస్సు ఆగినప్పుడు ఇడ్లీ తిన్నాను. చట్నీ నీళ్లలా ఉంది, ఇడ్లీ మాత్రం వేడివేడిగా ఉంది. భద్రాచలం వంతెన మీదికి వచ్చేసరికి పదకొండు దాటింది. గోదావరిలో నీటికంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. అబ్బా ఇక్కడ బస్సు కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి, అందరూ మొక్కే నది గదా, మనకూ చుట్టమే అనేవాడు. నేనూ ఒక బిళ్ల విసిరాను. రెయిలింగుకు తగిలి రోడ్డు మీదే పడింది.

బస్టాండు ఎదురు హోటల్లో భోజనం చేసి, పర్ణశాల వైపు వెళ్లే షేర్ ఆటో పట్టుకున్నాను. ఎండకు పరదాలు దించేశారు. లోపల చీకటి, ఉక్క, పక్కవాళ్ల కోళ్లు. గూడెం దగ్గర దిగేసరికి రాజేశ్వరి ఎదురొచ్చి మిషన్ని అలవోకగా నెత్తికెత్తుకుంది. ఆమెకు నలభై దాటి ఉంటాయి. నడుస్తూనే అసలు సంగతి చెప్పింది.

"అందరు ఒప్పుకున్నరు అక్కా. మా అమ్మ ఒక్కతే ఒప్పుకుంటలేదు. అగ్గి పెట్టుడే పెట్టుడంటంది. ఆమె చెట్టు గుట్ట కిందనే ఉన్నది. అంటుకున్నదంటే ఊరందరి నోట్ల మన్నే. ఇంట గెలిచి రచ్చ గెలవాలంటరు. నేను రచ్చ గెలిచి ఇంట్ల ఓడిన."

ముత్తమ్మ అరుగు మీద కూచుని ఉంది. నేను పేరు చెప్పగానే నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, దగ్గరికి లాక్కుని, బుగ్గలు, ముక్కు, నుదురు వేళ్లతో తడిమింది. "టైలరు బిడ్డవే. ఇప్పుడు సూది లెక్క లేవు, బుర్రకాయ లెక్కయినవ్" అంది. నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి నాకు. నిప్పు సంగతి ఎత్తేసరికి మాత్రం ముఖం తిప్పేసుకుంది. "మా అత్త నాకిచ్చిన చెట్టది. ఆమె అగ్గి పెట్టింది, నేనూ పెడత. మీ చీరలు మీరు పరుచుకోన్రి."

ఆ సాయంత్రం రాజేశ్వరి ఇంటి వసారాలో మిషన్ పెట్టాను. సంఘం ఆడవాళ్లు చీరలన్నీ తెచ్చారు. అన్నీ టౌన్లో కొన్న పూలపూల చీరలే, వెలిసిపోయి, మెత్తబడి ఉన్నాయి. మెత్తబడిన గుడ్డకు ఒంటికుట్టు ఆగదు. చెట్టు మొదలు చుట్టూ తిప్పే చోటా, మూలల్లోనూ అతుకు పడాలి. ఖమ్మంలో నేను ఎక్కువగా కుట్టేది బురఖాలు. కత్తిరించగా మిగిలిన నల్లగుడ్డ ముక్కలే నా మూటలో ఉన్నవి. వాటితోనే ప్రతి మూలకూ అతుకులు వేశాను.

నేను కుడుతుంటే వాళ్లు మాట్లాడారు. పువ్వు తమ చిన్నప్పటికంటే ముందే రాలుతోందని ఒకామె అంది. "ఏసీలు టౌనోళ్లయి, ఎండ మాది. అడివి కాలిందంటే మాత్రం మా పేరే చెప్తరు" అని ఇంకొకామె అంది. నాకు గుచ్చుకుంది, మా ఇంట్లోనూ ఏసీ ఉంది మరి. రాజేశ్వరి దారం తెంపుతూ, "చెప్పనీ. ఈ ఏడు ఒక్క చెట్టు గూడ కాలలే అనుకో, అప్పుడు మనం పోయి అడగొచ్చు. అడివిని కాపాడినోళ్లం మేము, మరి చెట్ల మీద హక్కు కాగితం ఏదని" అంది. అందరూ ఒక్కసారి చేతిపని ఆపి ఆమెను చూశారు. ఏ మీటింగులోనూ నేను ఇంత ధైర్యం చూడలేదు. రాత్రి చింతచిగురు పప్పు, అన్నం. రెండుసార్లు వడ్డించుకున్నాను.

తెల్లవారి నమాజు చేసుకుని బయటికి వచ్చేసరికే ఊరంతా ఇప్పపువ్వు వాసన. చిన్నప్పుడు ఈ వాసనకు అబ్బా మిషన్ ఆపి, కళ్లు మూసుకుని గట్టిగా పీల్చేవాడు. ఒక్కరోజు చూడు, నచ్చకపోతే నీ ఇష్టం అని బతిమాలి ముత్తమ్మను నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. ఆమె కొంగులో అగ్గిపెట్టె ముడి నాకు కనబడుతూనే ఉంది. రాజేశ్వరి అప్పటికే తల్లి చెట్టు కింద కొత్తగా కుట్టిన చీరలు పరిచింది. వాటి మీద లేతపసుపు పువ్వు రాలి ఉంది.

బీట్ ఆఫీసరమ్మ కూడా వచ్చింది. మధిర వైపు పిల్ల, ఉద్యోగంలో కొత్త. అందరం నిలబడి చూస్తున్నాం. ముత్తమ్మ చీరల మీద గొంతుక్కూచుని, చెట్టు మొదలు చుట్టూ మాత్రమే ఏరింది. మిగతా చోట్ల కుప్పలుగా ఉన్నా ముట్టుకోలేదు. బుట్ట అడుగు కూడా నిండకుండానే లేచి, "గింతే రాలింది. అగ్గి పెడితేనే నాకు పువ్వు" అంది. "ఇంత పువ్వు పెట్టుకుని ఏంది నీ మొండితనం?" అని రాజేశ్వరి అరిచింది. ఆఫీసరమ్మ మొహం చిన్నబోయింది. ముత్తమ్మ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది.

నేను ఆమె ఏరిన చోటే చూస్తున్నాను. నా నల్ల అతుకు మీద ఒక్క పువ్వు మిగల్లేదు. దాని అంచు దాటి పూలచీర మీద పడ్డ పువ్వు పడ్డట్టే ఉంది. ఆమె పక్కన కూచుని, ఎవరికీ వినబడకుండా అడిగాను.

"పెద్దమ్మా, కనబడతలేదు కదా?"

ఆమె నా చెవిలోనే చెప్పింది. "బూడిద మీద కనబడతది బిడ్డా. నల్లగుంటది, పువ్వు మెరుస్తది. గీ చీరల మీద చీర పువ్వేదో చెట్టు పువ్వేదో ఎట్ల తెలుస్తది? మొన్న ఒక్కదాన్నే వచ్చి చూసిన. చీర మీది పువ్వులు గీకి గీకి గోళ్లరిగినయి."

"రాజేశ్వరికి చెప్పొచ్చు కదా."

"చెప్తే? కండ్లు లేనిదానికి చెట్టెందుకని ఇంకొకరికి ఇస్తరు. మా గూడెంల ఏరగలిగినోళ్లదే చెట్టు."

చెట్టు పోతుందన్న భయంతో ఈ మనిషి ఊరందరితో మొండిదని తిట్లు తింటోంది. అడివి గురించి ఇన్ని మాటలాడుకున్నాం, నీకేం కష్టమమ్మా అని ఈమెను ఒక్కరం అడగలేదు. ఆమె చెప్పుకోనిది నేనెలా చెప్పను? లేచి, "మూలల కుట్టు నాకు నచ్చలేదు. ఈ చెట్టుకు నల్లగుడ్డే వేస్తా, మిషన్ తెండి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినబడింది.

మిషన్ ఇప్పచెట్టు కిందికి వచ్చింది. మూటలో మిగిలిన నల్లముక్కలన్నీ పోగేసి, రాయి మీద కూచుని, అబ్బాలాగే కుడిచేత్తో చక్రం తిప్పుతూ జోడించాను. నా వీపు మీద పువ్వు టపటపా రాలుతోంది. పెద్ద గుడ్డేమీ కాలేదు, ఒక మంచం దుప్పటికి ఎక్కువ, రెండింటికి తక్కువ. దాన్ని పరిచి, చీరల మీది పువ్వంతా దాని మీద దులిపాం. ముత్తమ్మ వంగింది. ఆమె వేళ్లు కోడిపిల్లల్లా టకటకా ఏరడం మొదలుపెట్టాయి. బుట్ట నిండింది. ఇంకో బుట్ట అడిగింది.

అప్పుడు రాజేశ్వరికి అర్థమైంది. తల్లి దగ్గరికి పోయి, ఆమె చేతులు రెండూ పట్టుకుంది. "నేనే నిన్ను మొండిదానివన్న. ఈ చెట్టు నీదే అమ్మా. నువ్వు ఒక్క పువ్వు ఏరకున్నా నీదే. నేను పరుస్త, నువ్వు ఏరు" అని అందరిముందూ చెప్పింది. సంఘం ఆడవాళ్లు అవునన్నారు. ముత్తమ్మ కొంగు ముడి విప్పి అగ్గిపెట్టెను రాజేశ్వరి చేతిలో పెట్టి, "పొయ్యి కాడ పెట్టు" అంది. ఆఫీసరమ్మ కూడా కూచుని ఏరసాగింది. "నిప్పు పెట్టొద్దని మేము చెప్తూనే ఉన్నామండి. పెట్టకపోతే ఎలా ఏరుకోవాలో ఎప్పుడూ మాట్లాడలేదు. అడివి తెరిచే ఉంచాలని నేను రాస్తాను. హక్కు సంగతి గ్రామసభలో అడగండి, నేనూ వస్తాను" అంది. ఆ పిల్ల మాట ఎంతవరకు చెల్లుతుందో నాకు తెలియదు. చెప్పిన తీరు మాత్రం నమ్మాలనిపించింది.

మర్నాడు పొద్దున తిరుగు ప్రయాణంలో ముగ్గురం బస్సెక్కాం. భద్రాచలంలో కంటి దవాఖానాకు ముత్తమ్మను రాజేశ్వరి తీసుకుపోతోంది. మిషన్ని మాత్రం గూడెంలోనే వదిలేశాను. ఈ కాలం అయ్యాక పంపుతామన్నారు. పంపకపోయినా అడగను.

వెళ్లాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. మార్చిలో పోండి, తెల్లవారకముందే లేవండి. అడివిని బాగు చేసే ఉపాయాలు వినాలనుంటే ముందు అక్కడి ముసలివాళ్ల పక్కన కూచుని వాళ్ల కష్టసుఖాలు అడగండి. నా చిన్నతనం ఆ అడవిలోనే ఎక్కడో ఉండిపోయిందని ఇన్నాళ్లూ అనుకున్నాను. అక్కడ ఇంకా పని జరుగుతోంది.

ముత్తమ్మ కిటికీ పక్కన కూచుని, బస్సు మలుపులను బట్టి నాకు చెట్లు చెబుతోంది. "ఇగో, ఇక్కడ తునికి చెట్లుంటయి చూడు. ఆ దాటినంక పెద్ద మద్దిచెట్టు. మీ నాయిన దాని నీడకే ఆగి నీళ్లు తాగేటోడు." నేను తొంగి చూశాను. రోడ్డు వెడల్పు చేసినట్టున్నారు, ఆ పక్కన ఒక్క చెట్టు లేదు. రాజేశ్వరి చెప్పొద్దన్నట్టు నా మోచెయ్యి నొక్కింది. దాచడానికి నాకు మనసొప్పలేదు.

"లేవు పెద్దమ్మా. కొట్టేసిండ్రు."

ఆమె కిటికీ చువ్వ వదిలి బిడ్డ వైపు తిరిగింది.

"గట్లయితే డాక్టరుకు జల్దీ చెయ్యమని చెప్పు. ఏడేడ లేవో నేను చూసి పెట్టుకోవాలె. వానలు పడంగనే నాటొద్దా?"

భద్రాచలంలో వాళ్లిద్దరూ దిగిపోయారు. నేను ముత్తమ్మ సీటులోకి జరిగి, ఖమ్మం చేరేదాకా రోడ్డు పక్క ఖాళీ జాగాలు వెతుక్కుంటూ వచ్చాను.