కళింగ యుద్ధానికి రూల్సు

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి జీతం తక్కువ, అభిప్రాయాలు ఎక్కువ. ఆ రోజుల్లో నాకు అభిప్రాయం లేని విషయమంటూ ఉండేది కాదు. నర్సీపట్నంలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చరిత్ర చెప్పేవాణ్ణి. (మా గ్రూపులో పిల్లలు తక్కువ కాబట్టి ఖాళీ పీరియడ్లు ఎక్కువ. అభిప్రాయాలు పెరగడానికి అదీ ఒక కారణం.) అక్కడే లెక్కలు చెప్పే నాతవరం మాస్టారు నాకు స్నేహితుడు. రోజూ ఆ ఊరి నుంచి షేర్ ఆటోలో వచ్చేవాడు కాబట్టి అందరికీ అతను నాతవరం మాస్టారే. నా ఈడువాడే అయినా, స్టాఫ్ రూము అలవాటు కొద్దీ ఇద్దరం ఒకరినొకరు ‘మాస్టారూ’, ‘మీరు’ అనే పిలుచుకునేవాళ్ళం. తర్వాత తిట్టుకోవాల్సి వచ్చినప్పుడు కూడా ఆ మర్యాద తప్పలేదు.

ఒక మధ్యాహ్నం అతను ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో విదేశంలో తలలు నెరిసిన పెద్దమనుషులు బల్ల మీద వేలెడంత సిపాయిలను వరసగా నిలబెట్టి, రెండువేల ఏళ్ళ కిందటి యుద్ధాలను మళ్ళీ చేస్తున్నారు. టేపుతో కొలిచి గుర్రాన్ని జరుపుతున్నారు, పాచిక వేసి మనిషిని చంపుతున్నారు. మేమిద్దరం గంట కొట్టినా లేవకుండా చూశాం. “మనం నిలబడిందే కళింగ నేల మాస్టారూ. మనకి యుద్ధం లేదేటి?” అన్నాడతను. అంతే, అతను కళింగ, నేను మగధ అని అక్కడికక్కడే పంచేసుకున్నాం.

సైన్యాలు ఏటికొప్పాకలో తయారయ్యాయి. అక్కడ లక్కబొమ్మలు చేసే ఒక పెద్దాయన మా గోడు ఓపిగ్గా విని, పొట్టి పొట్టి సిపాయిలను చేసిచ్చాడు. తీరా చూస్తే రెండు సైన్యాలూ పెళ్ళికొడుకుల్లా నవ్వుతున్నాయి. “యుద్ధానికి వెళ్ళేవాళ్ళు నవ్వుతున్నారేటండీ?” అని అడిగాను. “బొమ్మన్నాక నవ్వకపోతే ఎవులు కొంటారు బాబూ?” అన్నాడాయన. ఏనుగులు మాత్రం అద్భుతంగా కుదిరాయి. అవీ నవ్వుతున్నాయి గాని, ఏనుగు నవ్వితే అంత తప్పుగా కనిపించదు.

ఇక ఆడటమే తరవాయి అనుకున్నాం. చదరంగానికైతే తాతల నాటి నుంచీ ఒకటే పద్ధతి. ఈ ఆటకు అలా కాదు, ఒక్కొక్కరు ఒక్కో రూల్సు పుస్తకం రాసి పెట్టుకున్నారు. ఏ పుస్తకంతో ఆడాలో ముందు తేల్చుకోవాలి. లెక్కల మాస్టారు కాబట్టి అతను లావుపాటిది ఎంచుకుంటాడనుకున్నాను. అతను నాలుగే నాలుగు పేజీలు ప్రింటు తీసి తెచ్చాడు. ఎదురుపడితే పాచిక వెయ్యి, ఎక్కువ పడినవాడు బతుకుతాడు, అయిపోయింది. నేను ఇంటర్నెట్లో వెతికి తలగడంత పుస్తకం దింపాను. అందులో వాన ఉంది, ఆకలి ఉంది, అలసట ఉంది, సేనాపతి కబురు సిపాయికి చేరకపోవడం కూడా ఉంది.

నేను అద్దెకున్న ఇంటివారి డాబా మీద, ప్లైవుడ్ చెక్క వేసుకుని, ఆదివారాలు రెండు పుస్తకాలనూ పరీక్షించడం మొదలెట్టాం. అతని రూల్సుతో ఆడితే కాఫీ చల్లారేలోపు సగం కళింగ పోయేది. నా రూల్సుతో ఆడితే సాయంత్రం దాకా సేనాపతి కబురు ఎవరికీ చేరేది కాదు, అందరూ నవ్వుతూ నిలబడే ఉండేవారు. వడియాలు తిరగేయడానికి వచ్చే ఇంటివారి పిన్నిగారు కొంచెంసేపు చూసి, “ఇదేటి బాబూ, పొద్దున్న ఎలాగున్నారో అలాగే ఉన్నారు. అన్నాలు తిన్నారా వీళ్ళు?” అని అడిగారు. “లేదండి, అందుకే కదలట్లేదు. ఆకలికి ఒక రూలుంది” అని నేను గర్వంగా చెప్పాను. నాతవరం మాస్టారు తల పట్టుకున్నాడు. అలా ఎండాకాలం వెళ్ళింది, వానాకాలం వచ్చింది. అసలు యుద్ధం మాత్రం మొదలవలేదు.

అప్పుడే అతనికి సర్కారు ఉద్యోగం వచ్చింది. ఏజెన్సీలో, ఘాట్ ఎక్కి చాలా లోపలికి వెళ్ళాల్సిన ఆశ్రమ పాఠశాలలో పోస్టింగు. వెళ్ళేరోజు ఆదివారమే. మధ్యాహ్నం బస్సు. “పొద్దున్నే వచ్చేస్తాను మాస్టారూ. ఏదో ఒక పుస్తకం. ఒక్క యుద్ధం పూర్తిగా చేసేసి వెళ్తాను” అన్నాడు. అన్నట్టే పరుపుచుట్టతో, పెట్టెతో నేరుగా మా డాబా ఎక్కాడు. నేను సరేనని అతని నాలుగు పేజీలకే ఒప్పుకున్నాను. కాకపోతే ఒక్క ఏనుగుల విషయంలో మాత్రం నా పుస్తకంలో రూలు పెట్టుకుందామన్నాను. దెబ్బ తిన్న ఏనుగు పాచిక పడ్డదాన్నిబట్టి వెనక్కి తిరిగి సొంతవాళ్ళనే తొక్కేస్తుంది.

“కళింగకి ఉన్నదే ఏనుగులు. అవి ఎనక్కి తిరిగితే నాకేటి మిగులుద్ది?” అన్నాడు.

“నేనేం చెయ్యను, చరిత్రలో అలాగే జరిగేది. భయపడిన ఏనుగు ఎవరి మాటా వినదు.”

“మీ ఏనుగు మీకు సెప్పిందా భయమేసిందని?”

“లెక్కలు చెప్పుకునేవాళ్ళకి ఏనుగు భయం ఏం తెలుస్తాది?”

“సరిత్ర సెప్పుకునేవోళ్ళకి బస్సు టైము తెలవదు.”

(కోపమొస్తే అతని నోట్లో ‘చ’లన్నీ ‘స’లైపోతాయి. నాకు మాత్రం అరవాలనుకున్నప్పుడే గొంతు పూడుకుపోతుంది.) అలా పొద్దెక్కేదాకా వాదించుకున్నాం. ఒక్క సిపాయి కదల్లేదు. చివరికి అతను లేచి, కళింగ సైన్యాన్నంతా తువ్వాలులో మూటకట్టి పెట్టెలో పెట్టుకున్నాడు. మగధ నా దగ్గర ఉండిపోయింది. పరుపుచుట్ట నేనే మోసుకుని ఆర్టీసీ కాంప్లెక్సు దాకా వెళ్ళాను. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరకెళ్ళి, ‘మీ ఏనుగులు వెనక్కి తిరగొద్దు లెండి’ అందామనుకున్నాను. తీరా నోటికొచ్చింది, “ఘాట్ రోడ్డు కదా, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి” అని. అతను తలూపాడు.

తర్వాత ఏళ్ళు గడిచాయి. కోపం నెలైనా ఉండలేదు గాని, అలవాటు తప్పిపోయింది. పండగలకి ఫోనులో పువ్వుల బొమ్మలు పంపుకునేవాళ్ళం. సగం యుద్ధంతో ఎవరైనా ఏం చేస్తారు? నా మగధ అలమరా మీద అట్టపెట్టెలో ఉండేది. మా అమ్మాయికి బొమ్మలాట వయసు వచ్చాక, అది వాళ్ళ నవ్వుమొహాలు చూసి అందులో ఇద్దరిని పెళ్ళికొడుకులు చేసింది.

మొన్న వేసవిలో అతను ఎవరి పెళ్ళికో వచ్చి, చెప్పకుండా మా ఇంటికి వచ్చాడు. జుట్టు పల్చబడింది. చేతిలో స్వీటు పెట్టె ఉంది. అది తెరిస్తే మిఠాయిల బదులు కళింగ సైన్యం నవ్వుతూ కనిపించింది. వెంటనే డైనింగ్ టేబులు ఖాళీ చేశాం.

“ఏ రూల్సు మాస్టారూ?” అన్నాడు.

“మీ ఇష్టం. మీవే కానీండి.”

“వద్దొద్దు, మీ లావు పుస్తకంతోనే ఆడదాం. ఏనుగులు ఎనక్కి తిరిగితే తిరగనీండి, పర్లేదు.”

“అయ్యో, తిరగక్కర్లేదండి. కళింగకి ఉన్నవే అవి.”

నేనిప్పుడు అదే కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ని. అందరికీ సర్దిచెప్పడమే నా పని. అతను హాస్టలు వార్డెను. పిల్లలతో, పై అధికారులతో వేగి వేగి వాదించడం మానేశానన్నాడు. చివరికి అతని నాలుగు పేజీలతోనే, ఇద్దరం ఒకరికొకరం దారి ఇచ్చుకుంటూ ఆడాం. ఎవరి గుర్రం ఎంత దూరం వెళ్ళినా, ‘పోనీండి’ అనుకున్నాం. ఇన్నేళ్ళు ఆగిన యుద్ధం, మా ఆవిడ పకోడీలు వేసి తెచ్చేలోపు అయిపోయింది. అతనే గెలిచాడు. “బావుంది మాస్టారూ” అన్నాడు. “చాలా బావుంది” అన్నాను. తర్వాత పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం.

అతణ్ణి ఆటో ఎక్కించి వచ్చి, అతను నాకే వదిలేసిన కళింగను, నా మగధను సర్దుతుంటే ఒక సంగతి గుర్తొచ్చింది. ఆట మధ్యలో అతను తన గుర్రాలను, రూలు ఒప్పుకునేదానికంటే బాగా ముందుకు జరిపాడు. నేను చూశాను. నేను చూడటం అతనూ చూశాడు. ఏమంటానో అని చెయ్యి తియ్యకుండా ఒక క్షణం ఆగాడు. నేను ఏమీ అనలేదు. ఆ రోజుల్లో డాబా మీద నాలో ఉన్న ఆ కుర్ర చరిత్ర మాస్టారైతే ఊరుకునేవాడు కాదు. టేపు పట్టుకుని, గొంతు పూడుకుపోయేదాకా వాదించి, పకోడీలు చల్లారబెట్టేవాడు. ఎంత మొండివాడో. ఆ సాయంత్రం వాడు మా ఇంట్లో ఉండాల్సింది.