పెంకు మీద ఆరిన బూడిద రంగు

కుప్పంలో మా ఇంటి వసారాకు ఇవాళ రంగు వేస్తున్నారు. డబ్బా మూత తీయగానే అవిసె నూనె వాసన గుప్పుమంది. దిద్దుతున్న పరీక్ష పేపర్లు పక్కన పడేసి లేచాను. మదనపల్లెలో ఆ గోడ కథ చెప్పేవాళ్ళందరూ ఇప్పటికీ ఒకటే మాట చెబుతారు: యుద్ధం రోజుల్లో మిషను ఆస్పత్రి కాన్పుల వార్డులో రెండు కంపెనీల బూడిద రంగులను అతుకు తెలియకుండా కలిపింది కాలేజీ చదివిన సుగుణమ్మేనని. ఆ సుగుణమ్మను నేనే. ఆ మాట శుద్ధ అబద్ధం. నన్ను పొగిడే అబద్ధం కాబట్టి నోరు మూసుకుంటాననుకునేవాళ్ళకు నా నోటి సంగతి తెలియదు. ఆ గోడను ఒక్కటి చేసింది పుంగనూరు రూతమ్మ. నేను చేసింది ఒక డబ్బా నిండు రంగును తగలేయడం.

రూతమ్మ ఆస్పత్రిలో సున్నం కొట్టే కూలి మనిషి. పిలిస్తే పని, పిలవకపోతే పస్తు. నలభై దాటిన మనిషి, భర్త పోయాడు, చదువుకునే కూతురుంది. సోమవారం పొద్దున, పెట్రోలు కరువుకు బొగ్గుతో నడిపే బస్సులో పుంగనూరు నుంచి వచ్చి, శనివారం దాకా ఆయాల గదుల్లో తల దాచుకుని పని చేసేది. సున్నం తిన్న వేళ్ళు ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉండేవి. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మద్రాసులో డిగ్రీ ముగించుకుని వచ్చి, అదే ఆస్పత్రి స్టోరులో గుమాస్తాగా చేరాను. సబ్బు, గాజుగుడ్డ, ఫినాయిలు, రంగు డబ్బాలు, అన్నీ నా తాళంచెవి కింద ఉండేవి. నాతో వాదన పెట్టుకోవడానికి నర్సులు జంకేవాళ్ళు. జంకనిది రూతమ్మ ఒక్కతే. నేను పది మాటలంటే, ఆమె గోడకేసి చూస్తూ ఒక్క మాట అనేది. ఆ ఒక్కటీ తగిలేది.

కాన్పుల వార్డును ఆ ఏడు పొడిగించారు. పాత గోడకు కింది సగం బూడిద రంగు నూనె పూత, ఫినాయిలు నీళ్ళతో కడిగినా పోనిది. దాన్ని రెండేళ్ళ ముందు కుప్పం మునస్వామి మేస్త్రి వేశాడు. కొత్త గోడకూ అదే రంగు వేయాలి. అయితే యుద్ధంతో ఓడలు ఆగి, ఆ కంపెనీ డబ్బాలు రావడం మానేశాయి. ఎంతో తిరిగితే మద్రాసులో వేరే కంపెనీవి మూడే డబ్బాలు దొరికాయి. మూత మీద పేరు మాత్రం ఒకటే. "పేరొకటే అయినాక రంగు ఒకటే గదమ్మా" అని మేస్త్రి ఒక డబ్బా వేసేశాడు. ఆరాక చూస్తే పాత గోడ పావురాయి రొమ్ములా ఉంది, కొత్త గోడ వాన మబ్బులా నీలం తిరిగింది.

పెద్ద డాక్టరమ్మ దొరసాని, పుస్తకాల్లో నేర్చిన తెలుగు ఆమెది. అతుకు ముందు నిలబడి అంది: "బాలింతలు రోజంతయు పడుకొని చూచునది ఈ గోడనే. అతుకు నా కంటికి కనబడరాదు. కనబడకుండ చేసినవారికే గోడల పని నెల జీతముపై ఇచ్చెదను." ఆ మాటకు మేస్త్రి మీసం సవరించుకున్నాడు. రూతమ్మ సున్నపు బక్కెట్టు మెల్లగా కింద పెట్టింది. నెల జీతమంటే ఆమెకు కూతురి చదువు నిలవడం. ఆ సంగతి మా ఆస్పత్రిలో పిల్లికి కూడా తెలుసు.

మేస్త్రి తల గోక్కుంటుంటే మధ్యలో నేను దూరాను. చదువుకున్నదాన్ని కదా! పాత గోడ రంగు ఎండకూ కడుగుళ్ళకూ మారిపోయి ఉంటుంది, అసలు రంగు చూడాలంటే వార్డు బీరువా జరిపి దాని వెనక చూడాలి అని వాదించాను. ఎవరూ కాదనలేకపోయారు. బీరువా వెనక గోడ కొంచెం పసుపు కొడుతూ కనిపించింది. దానికి సరిపోయేలా రెండో డబ్బాలో పసుపు రంగు కలిపించి వేయించాను. ఆరాక గోడకు కామెర్లు వచ్చినట్టయింది. నర్సులు పైట కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నోరు విప్పింది రూతమ్మ.

"నూనె రంగు సీకట్లో పసుపెక్కుతాది సుగుణమ్మా, ఎలుతురుకు తేలిపోతాది. నువ్వు బీరువాకు నచ్చే రంగు కలిపినావు."

"నీకెవరు చెప్పారు?" అన్నాను. సిగ్గుకు కోపం తోడైంది.

"ఎవురు సెప్పల్ల? సున్నం కొట్టేటప్పుడు బీరువాలు జరిపేది మీరు కాదు గదా, నేను."

మిగిలింది ఒక్క డబ్బా. దాన్ని మేస్త్రికి ఇవ్వాలా, రూతమ్మకా? తాళంచెవి నా చేతిలో ఉంది. డాక్టరమ్మను అడగనైనా అడగకుండా రూతమ్మ చేతికిచ్చాను. ఆ గోడ విషయంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఆమె డబ్బా మూత వెంటనే తీయలేదు. ముందు విరిగిన కుండ పెంకులు ఏరుకొచ్చి కడిగి ఎండబెట్టింది. కొంగు ముడి విప్పి ఎర్రటి జాజు ముద్ద తీసింది. మా వైపు ఆడవాళ్ళు పండగలకు గోడల అడుగున పట్టె గీసే ఎర్రమన్నే అది. సాన మీద నూనె పోసి వెన్నలా నూరింది. మేస్త్రికి నవ్వాగలేదు.

"పండగ్గోడకు పూసే జాజు దొరసాని డబ్బాలో ఏస్తావా? ఆస్పత్రి గంగమ్మ గుడి అయిపోతాది సూడు!"

"ఊరికే ఉండప్పా. పులుసులో రొంత బెల్లమేస్తే పులుసు పాయసమైపోతాదా? ఈ రంగులో నీలం ఎగిరెగిరి పడతాండాది. దాన్ని అణగదొక్కల్లంటే ఎరుపు కావల్ల. కంటికి తెలీనంత."

మందు సీసా మూతతో రంగు కొలిచి ఒక్కో పెంకు మీద పోసి, ఒకదానికి జాజు ఒక చుక్క, ఇంకోదానికి రెండు, అలా ఆరు దాకా కలిపి పూసింది. ఎన్ని చుక్కలో అన్ని గీతలు పెంకు అంచున గీసి, అన్నిటినీ పాత గోడకు ఆనించి నిలబెట్టింది. నేను ఒక్క చూపు చూసి, "రెండు గీతలదే! అచ్చంగా అదే!" అన్నాను.

"తడి రంగు మాట నమ్మొద్దమ్మా. అది అందరికీ నచ్చేటట్లే మాట్లాడతాది. ఆరినాక ఏం సెప్తాదో ఇనల్ల."

రెండు రోజులు ఆగాం. అంటే ఆమె ఆగింది, నేను గంటకోసారి వెళ్ళి గోల చేశాను. ఆరేసరికి నా రెండు గీతల పెంకు ముఖం మాడ్చుకుంది. ఆమె పొద్దుటి వెలుగులో ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, దీపాలు పెట్టే వేళ ఒకసారి, కళ్ళు సగం మూసుకుని చూసింది. పొద్దున నాలుగు గీతలది గోడలో కలిసిపోయింది, దీపం వెలుగులో కాస్త ఎర్రబారింది. "మూడు మీద అర" అని తేల్చింది. మూతెడు రంగుకు మూడున్నర చుక్కలైతే డబ్బా మొత్తానికి ఎంత? ఆ గుణకారం నేను చేశాను. నాలుగో తరగతి పిల్ల చేసే లెక్క అది. ఈ కథలో నా చదువు పనికొచ్చింది అక్కడే, అంతే.

రూతమ్మ ఒక్కతే తలుపు వేసుకుని రంగు వేసింది. పాత పూత మీదికి కూడా మూరెడు దూరం పలచగా లాగిందట. వారం ఆరనిచ్చి తలుపు తీస్తే, బాలింతల మంచాలు మళ్ళీ లోపలికి చేర్చారు. డాక్టరమ్మ చేతులు వెనక్కి కట్టుకుని ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది, మళ్ళీ వెనక్కి నడిచింది. కళ్ళద్దాలు తుడుచుకుంది. చివరికి మేస్త్రిని పిలిచి, "నీవు చూపుము" అంది. మునస్వామి గోడకు చెంప ఆనించి చూశాడు, వేలు తడిచేసి రుద్దాడు, మూడో కిటికీ కింద ఆగి గెలిచినట్టు తట్టాడు. "ఈడ, దొరసానమ్మా! ఈడి నుంచి కొత్తది. తెలిసిపోతా ఉండాది!"

రూతమ్మ ముఖంలో ఏ మార్పూ లేదు. "అది నువ్వు పూసిందే గదప్పా, రెండేండ్ల నాడు" అంది.

వార్డంతా గొల్లుమంది. బాలింతలు కుట్లు పట్టుకుని నవ్వారు. రూతమ్మ నాలుగు కిటికీలు దాటి వెళ్ళి, ఏడో కిటికీ కమ్మికి తాను ముందే కట్టుకున్న ఎర్ర దారపు ముడి చూపించింది. అతుకు దాని కిందే. చూపించాక కూడా డాక్టరమ్మకు కనబడలేదు, మేస్త్రికి కనబడలేదు, నాకూ కనబడలేదు. "మనుషుల మాటంటే నాకు నమ్మకము లేదు, ఈ గోడ మాట నమ్మెదను" అని డాక్టరమ్మ అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చింది. ఆ కాగితం టైపు చేసింది నేను. పేరు దగ్గర ఒక్క అక్షరం తప్పు పడితే, చింపేసి మొదటి నుంచి మళ్ళీ కొట్టాను. రూతమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సిరా ఆరిందా అమ్మా?" అని అడిగి మరీ కొంగున కట్టుకుంది.

ఈనాటికీ ఒక నిర్ణయం తీసుకునే ముందు రెండు రోజులు ఆగుతాను. ఉత్తరానికి జవాబు పొద్దున రాసి, సాయంత్రం దీపం దగ్గర మళ్ళీ చదువుతాను. మా బళ్ళో కొత్తగా చేరిన పిల్లను మొదటి రోజు చూసి మంచి చెడ్డలు తేల్చను. నా నోరు మాత్రం తడి ఆరేదాకా ఆగడం నేర్చుకోలేదు, అది రూతమ్మ తప్పు కాదు.

ఆమె పోయిన తర్వాత పుంగనూరు వెళ్ళాను. నర్సు ఉద్యోగం చేస్తున్న కూతురు నన్ను పక్కింటివాళ్ళకు చూపిస్తూ, "గోడ రంగు కలిపింది ఈ సుగుణమ్మే. మాయమ్మ సచ్చేదాకా అదే సెప్తా ఉండె" అంది. మదనపల్లెలో తిరుగుతున్న అబద్ధం ఎక్కడ పుట్టిందో నాకప్పుడు తెలిసింది. నేను కాదన్నాను, అరిచినంత పని చేశాను. ఆ పిల్ల నవ్వి, నేను మర్యాదకు అంటున్నాననుకుంది.

వసారాలో కుర్చీ మీద నిలబడిన రంగు మనిషి ఎందుకో నావైపే చూస్తున్నాడు. బహుశా పైకే అనేసి ఉంటాను: జీవితంలో ఒక్క అబద్ధం ఆడనిదానివి, నాకు జవాబు చెప్పే వీలు లేకుండా ఈ ఒక్కటీ ఆడిపోయావే, యాల సెప్పినావు రూతమ్మా అట్ల?