ఆఖరి బంతి లాబ్‌స్టర్

వెన్న కాగి నురగ దిగే వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు ఒకచోట నిలబడబుద్ధి కాదు. మొయినాబాద్ రోడ్డు మీద ఒక రిసార్టులో వంటగది నా చేతి కింద నడుస్తుంది. పెళ్లి విందుకు మటన్ వండినా, పప్పుచారు కాచినా నాకేం కంగారు లేదు. కానీ ఈ మధ్య పట్నం వాళ్లకు కొత్త మోజు మొదలైంది. విందులో పెద్ద రొయ్యలాంటి సముద్రపు లాబ్‌స్టర్ ఉండాలట. నిన్న కూడా గడ్డకట్టిన లాబ్‌స్టర్ తోకలు పెట్టెల్లో దిగాయి. మా వంటాయన వాటికోసం వెన్న కరిగించాడు. నేను ఓవెన్ తలుపు తీస్తాను, మూస్తాను, మళ్లీ తీస్తాను. "మేడం, మీరు జర బయట కూసోండ్రి, మేం చూస్కుంటం" అన్నాడాయన విసుగు దాచుకుంటూ. బయటికైతే వచ్చాను గానీ కూర్చోలేదు. కార్లు నిలిపే స్థలమంతా అటూ ఇటూ తిరిగాను. ఈ వాసన నన్ను తీసుకెళ్లేది ఒకే మనిషి దగ్గరికి, యాదయ్యన్న దగ్గరికి.

ఆయన్ను మీరు చూసి ఉండరు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు. చేవెళ్ల చుట్టుపక్కల పెళ్లిళ్లకు వంటలు చేసే కుటుంబంలో పుట్టి, పట్నం హోటళ్లలో పనిచేసి, అక్కణ్నుంచి విహార ఓడ ఎక్కాడు. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, ఇరవై నాలుగేళ్లకు నేను ఆ ఓడలో చిన్న కుక్‌గా చేరేనాటికి వేడి వంటల విభాగమంతా ఆయనదే. మొదటిరోజు అన్ని దేశాల మనుషుల మధ్య బిక్కచచ్చి నిలబడి ఉంటే వెనక నుంచి తెలుగు వినిపించింది. "ఏ ఊరు చెల్లె?" హిమాయత్‌నగర్ అని చెప్పాను. "పట్నంల హిమాయత్‌నగరా, మన మొయినాబాద్ హిమాయత్‌నగరా?" అని అడిగాడు. మొయినాబాద్‌దే అన్నాను. ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి అన్ని వేలమందిలో ఆయన ఒక్కడే. ఆ పూటే ఆయనకు చెల్లెలినైపోయాను.

ఓడ ప్రయాణం చేసి వచ్చినవాళ్లు ఇప్పటికీ నాతో అంటుంటారు, "అంత డబ్బు పోస్తే లాబ్‌స్టర్ రబ్బరు ముక్కలా ఉందండీ" అని. నాకు నవ్వొస్తుంది, కోపమూ వస్తుంది. ప్రతి ప్రయాణంలో ఒక సాయంత్రం లాబ్‌స్టర్ విందు ఉంటుంది. అందరూ కోట్లు తొడుక్కుని, పట్టుబట్టలు కట్టుకుని వస్తారు. ముందు ఫోటో, తర్వాత ఫోర్కు. కొందరు రెండేసి తెప్పించుకుని ఒకటి వదిలేస్తారు. అందరికీ ఒకేసారి అందించాలంటే సులువైన దారి ఒకటుంది. తోకలన్నీ ముందే వండేసి, వేడి పెట్టెలో పేర్చి, అడిగినప్పుడల్లా తీసి ఇవ్వడం. ఓవెన్‌లో ఎనిమిది నిమిషాలుంటే తియ్యగా, మెత్తగా ఉండే మాంసం, వేడి పెట్టెలో అరగంట ఉంటే పళ్ల మధ్య సాగుతుంది. సరుకు చెడ్డది కాదు, ఓపిక లేక చెడుతుంది.

యాదయ్యన్న ఆ దారి తొక్కేవాడు కాదు. ఆర్డరు వస్తే ఒక ట్రే, అది కదిలితే ఇంకొకటి. వడ్డించేవాళ్లు తలుపు దగ్గర నిలబడి అరుస్తున్నా ఆయన చేతుల వేగం మారేది కాదు. షెఫ్‌లంతా మొదటి ట్రే రుచి చూసి తలూపి పోతారు. ఆయన మాత్రం అందరూ తిన్నాక, ఆఖరి ట్రేలోంచి ఒక తోక తీసుకుని గోడకానుకుని తినేవాడు. ఎందుకన్నా ఆఖరిదే అని ఒకసారి అడిగాను. "మా నాయిన పెండ్లిళ్లల్ల ఆఖరి బంతిల కూసొని తినేటోడు చెల్లె. మొదటి బంతిల సర్పంచులు కూసుంటరు, ఆళ్లకు అన్ని మంచిగనే ఉంటయ్. ఆఖరుకు కూసున్నోని ఇస్తారి సూస్తె ఎరుకైతది, మనం వండినమా, ఊకె ఉడకేసినమా" అన్నాడు.

ఆ ఆఖరి బంతిలో కూడా చోటు దొరకని మనిషి ఒకరున్నారు, ఆయన భార్య మణెమ్మ. పెళ్లి వంటల్లో కూరగాయలు తరగడం దగ్గర్నుంచి గిన్నెలు కడగడం దాకా ఆమె పనే. ఏనాడూ విస్తరి ముందు కూర్చోలేదట. ఓడలో సూ షెఫ్, అంటే పెద్ద షెఫ్ తర్వాతి స్థాయికి చేరినవాళ్లు ఏడాదికొకసారి భార్యాబిడ్డలను ప్రయాణానికి తెచ్చుకోవచ్చు, ప్రయాణికులతో సమానంగా భోజనాల హాల్లో కూర్చోబెట్టవచ్చు. ఆ పదవికి యాదయ్యన్న పేరు ఖాయమైందని అందరమూ అనుకుంటున్న రోజులవి. ఫోనులో భార్యతో మాట్లాడుతూ, "మంచి చీర తీసిపెట్టుకో, లాబ్‌స్టర్ నాడు వడ్డనోడు కుర్చీ గుంజి మరీ కూసోబెడుతడు నిన్ను" అంటుంటే విన్నాను. అవతల ఆమె నవ్వడం కూడా వినిపించింది.

ఇక చెప్పక తప్పదు. చెప్పబోతుంటే ఇప్పటికి రెండుసార్లు లేచి వెళ్లి నీళ్లు తాగొచ్చాను.

ఆ సాయంత్రం కెప్టెన్ విందు కోసం యాదయ్యన్నను పై అంతస్తు వంటగదికి పిలిచారు. "రెండో విడత వడ్డన నువ్ సూస్కో. ట్రే ఎన్క ట్రే, గంతే" అని చెప్పి వెళ్లాడు. అంతకుముందు ప్రయాణంలో ప్లేట్లు ఆలస్యమయ్యాయని హాలు మేనేజరు నన్ను నలుగురిలో నిలబెట్టి కడిగేశాడు. ఈసారి మాట పడకూడదనుకున్నాను. అన్ని ట్రేలూ వరసగా కాల్చి వేడి పెట్టె నింపేశాను. నింపిన కాసేపటికి కబురొచ్చింది, ఊరు చూడటానికి ఒడ్డుకు దిగినవాళ్ల బస్సులు ఆలస్యమయ్యాయి, భోజనాలు ముప్పావుగంట వెనక్కి జరిగాయని. ఒకటి తీసి కొరికి చూశాను. నమిలాను, నమిలాను, మింగలేకపోయాను. అప్పుడైనా పారేసి కొత్తవి పెట్టొచ్చు. నేను మాత్రం గరిటెడు వెన్న ఎక్కువ పోసి, పైన కొత్తిమీర చల్లి పంపించాను.

యాదయ్యన్న తిరిగొచ్చేసరికి సగం హాలుకు ప్లేట్లు వెళ్లిపోయాయి. వస్తూనే ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగాడు. "గిట్లెందుకున్నదే?" అన్నాడు. నా నోట్లోంచి ఎలా ఊడిపడిందో గానీ, "సరుకే గట్ల వచ్చిందన్న, ట్రే ఎన్క ట్రేనే పెట్టిన" అన్నాను. నా మాట నమ్మాడు. నమ్మి, ప్లేట్లు ఆపించి, సరుకు చెడిపోయిందని పెద్ద షెఫ్‌ను పిలిపించాడు. ఆ షెఫ్ అదే సరుకు పెట్టెలోంచి వండని తోక ఒకటి తీసి, మా అందరి ముందూ ఎనిమిది నిమిషాలు కాల్చి, ముక్క కోసి యాదయ్యన్న చేతిలో పెట్టాడు. అది వెన్నలా ఉందని చూస్తేనే తెలుస్తోంది. యాదయ్యన్న తిన్నాడు. నా వైపు ఒక్కసారి చూశాడు. "ఓవెన్ నాది, తప్పు నాది" అన్నాడు ఇంగ్లీషులో. నేను ఆయన పక్కనే ఉన్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. తర్వాతి రేవులో దింపి ఇంటికి పంపేస్తారన్న భయంతో నేల చూస్తూ నిలబడ్డాను.

సూ షెఫ్ పదవి ఇంకొకరికి పోయింది. మర్నాడు కూరగాయల చల్లగదిలో మేమిద్దరమే ఉన్నప్పుడు తిడతాడనుకున్నాను. "గట్టిగైతె గట్టిగైందని చెప్పు చెల్లె. ఇంకోటి వండిద్దుం. తినేటోని ముంగట దాస్తె ఇగ మనం వంటోళ్లం ఎట్లయితం?" అన్నాడు, క్యారెట్లు ఏరుకుంటూనే. తిడితే ఏడ్చి, కాళ్లు పట్టుకుని తేలికపడేదాన్ని. తిట్టలేదు గనుక క్షమించమని అడగడం కూడా నాకు చేతకాలేదు. ఇద్దరం క్యారెట్ల డబ్బాలు మోసుకుని బయటికొచ్చాం.

ఆయన ఇంకొంతకాలం అదే పనిలో ఉండి, మోకాళ్లు అరిగి చేవెళ్లకు తిరిగొచ్చాడు. మళ్లీ పెళ్లి వంటలకు వెళ్లాడు. నా తర్వాత ఆ ఓడలో చేరిన మా వైపువాళ్లు ఊళ్లో ఏం చెప్పారో గానీ, "ఓడల వంట ఖరాబ్ చేసిండట" అన్న మాట ఆయన కంటే ముందే ఇల్లు చేరింది. ఆ మాట మా హిమాయత్‌నగర్‌లో నా చెవిన కూడా పడింది. నేను ఈ రిసార్టులో చేరి రెండేళ్లు దాటింది. చేవెళ్ల వెళ్లే ఆటోలు మా గేటు ముందే ఆగుతాయి. ఆదివారం వెళ్దామనుకునేదాన్ని, ఆదివారం పెళ్లి ఉందనుకునేదాన్ని. పోయిన చలికాలం ఆయన గుండె ఆగిపోయిందని కబురొచ్చింది.

నెల గడిచాక వెళ్లాను. ఉత్త చేతులతో వెళ్లడానికి మొహం చెల్లక, బుద్ధి లేనిదాన్ని, రెండు లాబ్‌స్టర్ తోకలు పట్టుకెళ్లాను. మణెమ్మ వదినెను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వంటింట్లో పెనం మీద కాల్చి ప్లేటు చేతికిచ్చాను. ఎండ్రకాయ అసుంటిదా అని అడిగి, ఒక ముక్క తిని, ఇంకో ముక్క తిన్నది.

"తియ్యగున్నదే" అన్నది. "ఆయన గిదే గద ఖరాబ్ జేసింది. నేనెన్నిసార్లు ఎక్కిరించిననో ఎరుకనా. కూర జర మాడితె సాలు, నీ ఓడ వంట మళ్ల జేసినవా అనేదాన్ని. నవ్వేటోడు."

ఆమె కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పాను, వేడి పెట్టె దగ్గర్నుంచి నేల చూపుల దాకా. మణెమ్మ ప్లేటు కింద పెట్టింది. వేళ్లకంటిన వెన్న పేరుకునేదాకా చేయి అట్లాగే పట్టుకుని ఉంది.

"నవ్వేటోడు సునీతా" అన్నది మళ్లీ. వేళ్లు కొంగుకు తుడుచుకుని, "ఇంకెవలకు చెప్పినవ్?" అని అడిగింది.

"ఎవ్వలకు చెప్పలె వదినె. నీకే."

"నాకు చెప్పి నీ కడుపుల బరువు దించుకున్నవ్. నేనెవలకు చెప్పుకోవాలె, ఆయన లేడాయె. ఊరంత ఆయన పేరు మీదనే అనుకుంటున్నరు. పో, నీ పేరు వెట్టి చెప్పు అందరికి."

చెబుతున్నాను. చేవెళ్ల యాదయ్య చేతిలో ఏ ఒక్క లాబ్‌స్టర్ కూడా గట్టిపడలేదు. ఆ సాయంత్రం ఓవెన్ దగ్గర ఉన్నది నేనే, సునీతను.