కుడివైపు బటన్లు

మా పెళ్లయిన మొదటి వర్షాకాలంలో ఆయన మోటారు సైకిలు మీంచి పడ్డారు. ఉండి ఊరి దగ్గర చేపల చెరువు గట్టు బాగా నానిపోయి ఉందట, ముందు చక్రం జారిందట. కుడి మణికట్టు విరిగింది. తాడేపల్లిగూడెం ఆసుపత్రిలో బొటనవేలితో సహా మోచేతి దాకా పిండికట్టు వేసి ఇంటికి పంపేశారు.

ఆయన ఐసు వ్యాను నడిపేవారు. పొద్దున్నే ఐసు ఎక్కించుకుని ఉండి వైపు చెరువుల దగ్గరికి వెళ్తే, ఏ సాయంత్రానికో గూడెంలో మా ఇంటికి వచ్చేవారు. నాది ఏలూరు. పెళ్లికి ముందు అక్కడ చిన్నపిల్లల బడిలో పాఠాలూ, ఆదివారం చర్చిలో బైబిలు కథలూ చెప్పేదాన్ని. నాకు మాటలకు కరువు లేదు. ఆయనకు అవి బొత్తిగా రావు. “కూర ఎలా ఉందండీ?” అంటే “బాగుంది.” “అలిసిపోయారా?” అంటే “లేదు.” మనిషి మంచివారేనని తెలుస్తూనే ఉండేది. కాని ఆ మంచితనంతో మాట కలపడం ఎలాగో నాకు తెలిసేది కాదు.

కట్టు పడ్డాక ఆ రెండు మాటలూ కూడా పోయాయి. ఎడమచేత్తో చెంచా పట్టుకుని తింటుంటే సగం అన్నం ఒళ్లో పడేది. కలిపి పెడతానంటే మొహం పక్కకు తిప్పుకునేవారు. తిన్నంత తిని, గోడవైపు తిరిగి పడుకునేవారు.

ఒక మధ్యాహ్నం ఆయనకు వదులు చేతుల చొక్కా వెతుకుతూ మంచం కింది ట్రంకుపెట్టె బయటికి లాగాను. బట్టల అడుగున పాత తువ్వాలులో చుట్టి ఏదో ఉంది. విప్పి చూస్తే టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ సెట్టు, పసుపు రంగు క్యాసెట్టు ఒకటి.

“ఇదేంటండీ?”

ఆయన లేచి కూర్చున్నారు. చెవులు ఎర్రబడ్డాయి. “పెళ్లికి ముందు రూములో ఆడేవాణ్ని. పారేద్దామనుకున్నాను.”

“పారెయ్యడం ఎందుకండీ? పెట్టండి, చూద్దాం.”

“ఒంటి చేత్తో అవదు. ఎడమచేత్తో ఆటలో మనిషిని నడపడమే అవుద్ది. ఎగరాలన్నా, కత్తి తిప్పాలన్నా కుడివైపు బటన్లు నొక్కాలి.”

“కుడివైపు నేను నొక్కుతానండీ.”

చాప మీద భుజానికి భుజం ఆనించుకుని కూర్చున్నాం. ఒకటే రిమోటు, ఎడమ కొస ఆయన చేతిలో, కుడి కొస నా చేతిలో. తెర మీద ఎర్రటోపీ పెట్టుకున్న ఒక చిన్న సిపాయి. ఒళ్లంతా చిన్న చిన్న గళ్లే. కళ్లంటే రెండు చుక్కలు. వాడు బురద నేలలు దాటి, గుహల్లో దూరి, ఆఖరికి ఒక కోట చేరాలి. ఇప్పుడు కావాలనే అలాంటి గళ్ల బొమ్మలతో పాతకాలపు ఆటలు తయారు చేస్తున్నారని మా అమ్మాయి చెబుతుంది. అప్పట్లో మాకు దొరికిందే అది.

“ఎగురు!” అన్నారాయన. నేను కత్తి తిప్పాను. సిపాయి గోతిలో పడ్డాడు.

“ఏ బటనండీ?”

“ఆ చివరది, చివరది!”

ఈసారి గోతికి చాలా ముందే ఎగిరించాను. ఎగిరి, దిగి, నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి మళ్లీ అదే గోతిలో పడ్డాడు. ఆయన నవ్వారు. కట్టు ఉన్న చెయ్యి పొట్టకు అదుముకుని, కళ్లవెంట నీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఆయన నవ్వు ఎలా ఉంటుందో నాకు ఆ రోజే తెలిసింది.

ఆ తర్వాత భోజనాలు కాగానే రోజూ అదే పని. కరెంటు పోతే ఆట మళ్లీ మొదటికి వచ్చేది, మేమూ విసుక్కోకుండా మొదలుపెట్టేవాళ్లం. దారిలో గుడిసె ముందు ఒక ముసలావిడ నిలబడి ఉండేది. సిపాయి దగ్గరికి వెళ్లగానే తెర కింద ఏవో అక్షరాలు వచ్చేవి. చైనా భాషో, జపాను భాషో మాకు తెలియదు.

“ఏమంటోందో!” అన్నారు ఆయన.

“నాయనా, కొల్లేరు పొంగింది, గట్టు మీంచి వెళ్లకు, జారి పడతావు అంటోందండీ.”

ఆయన నా వైపు చూసి, పెదవి బిగించి నవ్వు ఆపుకున్నారు. మర్నాడు గుడిసె రాగానే తనే సిపాయిని ఆపారు. “ఇవాళేమంటోంది?”

పెంటపాడు నుంచి మా అత్తయ్యగారు కొడుకుని చూడ్డానికి వచ్చిన రోజున మేమిద్దరం టీవీ ముందు కేకలు పెడుతున్నాం. “ఏంటమ్మా ఈ గోల? వీధి చివరికి వినపడుతున్నారు,” అని గుమ్మంలోనే నిలబడిపోయారు. నాకు సిగ్గేసి లేవబోయాను. ఆవిడ కొడుకు మొహం కాసేపు చూసి, కూరల సంచి పక్కన పెట్టి చాప మీద కూర్చున్నారు. “లేవకమ్మా. ఆ గబ్బిలాన్ని ముందు కొట్టు,” అన్నారు.

కట్టు కోసిన రోజు చెయ్యి చూసి ఇద్దరం బెంగపడ్డాం. సన్నగా, పాలిపోయి ఉంది. బొటనవేలు వంగడం లేదు. మెల్లగా వస్తుందిలే, వేళ్లు ఆడిస్తూ ఉండమన్నారు డాక్టరుగారు. ఇంటికి రాగానే ఆయన రిమోటు రెండు చేతులా తీసుకున్నారు. మొదటి గోతి దగ్గరే వేలు కదల్లేదు. సిపాయి పడిపోయాడు. మళ్లీ పడ్డాడు. రిమోటు చాప మీద వదిలేసి, “ఈ చెయ్యి స్టీరింగేం పట్టుద్ది?” అన్నారు.

నేను లేచి ఆయనకు ఎడమపక్కకు వెళ్లి కూర్చున్నాను.

“ఈసారి నేను నడుపుతానండీ. మీరు ఎగిరించండి.”

ప్రతి గోతి అంచునా సిపాయిని ఆపి పెట్టేదాన్ని. ఆయన వేలు బటను మీదికి చేరేసరికి చాలాసేపు పట్టేది. “తొందరేం లేదండీ, వీడికేమన్నా రైలు దాటిపోతోందా?” అనేదాన్ని. చెమట పట్టేది ఆయనకు. నొప్పి అని మాత్రం అనేవారు కాదు. అలా వారాలు గడిచాయి. ఒకరోజు నేను ఆపకుండానే ఎగిరించేశారు. ఆ సంగతి ఆయనకు తెలియనే లేదు, నేనే గమనించాను.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి కూర్చుంటే ఆ పూట కరెంటు పోలేదు. కోట చేరాం, ఆట గెలిచాం. సిపాయి పచ్చటి చేలలోంచి నడుచుకుంటూ వెళ్లిపోతున్నాడు. వాడి మీదుగా అక్షరాలు వరసగా పైకి పోతున్నాయి.

“ఏం రాశారో మీరు చెప్పండి ఈసారి,” అన్నాను.

ఆయన తెరవైపే చూస్తూ చెప్పారు.

“భయమేసిందంట వాడికి. చెయ్యి ఇక పనికిరాదేమో, ఇంటిదాన్ని ఎలా పోషిస్తానో అని. అలా ఎవరితోనూ అనలేకపోయాడంట.”

“మరి ఇప్పుడన్నాడుగా అండీ,” అన్నాను. ఆయన చెయ్యి తీసుకుని నా ఒళ్లో పెట్టుకున్నాను. అక్షరాలు అయిపోయి తెర నల్లబడేదాకా అలాగే కూర్చున్నాం.

క్రిస్మస్‌కు ముందే ఆయన మళ్లీ వ్యాను ఎక్కారు. బొటనవేలు ఇప్పటికీ పూర్తిగా వంగదు, పనికి మాత్రం అడ్డు రాలేదు. మొదటిరోజు సాయంత్రం చీకటి పడకముందే వచ్చి, కాళ్లు కడుక్కుని, వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నారు. నేనేమీ అడగలేదు. చెరువుల మీద ఎన్ని కొంగలు వాలాయో, ఎవరి చెరువులో వల వేశారో, దారిలో టీ ఎంత చేదుగా ఉందో ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. నేను పొయ్యి తగ్గించి, ఆయనకు ఎదురుగా కూర్చున్నాను.